అవ్వ చేతి తుమ్మరంగు

మొన్న నెల్లూరులో చేనేత బట్టల ప్రదర్శన పెట్టారంటే చూడ్డానికి వెళ్ళాను. కొనే ఉద్దేశం లేదు. బీరువాలో ఉన్నవాటికే బయటికి వచ్చే యోగం పట్టడం లేదని మా ఆయన ఎత్తిపొడుస్తూనే ఉంటారు. అయినా చీరను చేత్తో తాకి, ధర అడిగి, పెదవి విరిచి వచ్చేయడంలో ఉన్న సుఖం మగవాళ్ళకు ఏం తెలుస్తుంది. అలా తిరుగుతుంటే ఒక దుకాణంలో ముదురు ఇటుక రంగు నూలు చీర కనిపించింది. కనిపించడం కంటే ముందు వాసన తగిలింది. వగరు వాసన. వాసనకు వగరు ఎక్కడిదని అడక్కండి, ఉంటుంది. నా నాలుక దానంతట అదే ముడుచుకుంది. చీరలు అమ్మే అమ్మాయి దగ్గరికొచ్చి, "చెట్ల బెరడుతో వేసిన రంగు మేడం, కెమికల్ ఉండదు, చాలా రేర్" అంది. ఆ పిల్లను ఏమనగలను. ఆ రంగు మా పాలెంలో ఇంటింటి ముందూ ఇసకలో ఆరుతూ ఉండేదనీ, మా అవ్వ చేతులు మోచేతుల దాకా బతికినన్నాళ్ళూ ఆ రంగులోనే ఉండేవనీ చెబితే నమ్ముతుందా. నేను చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడితే, ఈవిడకేమైందోనని కంగారుపడి కుర్చీ తెచ్చి వేసింది.

మాది అల్లూరుకు తూర్పున, ఉప్పుకాలువ దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాలెం. చేపల వేట మీద బతికే ఇళ్ళు. నేను చదువుకుని, పంతులమ్మనై, బళ్ళో నాతోపాటు పనిచేసే ఆయన్ని చేసుకున్నాను. ఆయనది సంగం వైపు. ఆయన ఊళ్ళో పెన్న నీళ్ళు, ఆనకట్ట, చూపు ఆనినంత మేరా వరి కయ్యలు. కొత్తల్లో మా ఊరొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసి, "ఇసక తప్ప ఇంకేం లేదే ఇక్కడ" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు, ఆయన్ని మరిచిపోనివ్వలేదు. ఇసకలో ఏముందో తెలియాలంటే తల వంచి చూసే ఓపిక ఉండాలి. వరి చూసి చూసి పెరిగినవాళ్ళకు పచ్చగా ఉంటేనే అది పంట, లేకపోతే బీడు.

అల వెనక్కి మళ్ళే చోటు దాటగానే బాలబంది తీగ మొదలయ్యేది. మేక డెక్కలాంటి ఆకులు, ఊదారంగు గరాటు పూలు, పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకునేవి. నీళ్ళలో దిగిన పిల్లలకు జెల్లీ చేప తగిలి కాలు భగ్గున మండితే ఆ ఆకు నలిపి పసరు పూసేవాళ్ళు. పసరు పనిచేసే లోపలే పెద్దవాళ్ళ తిట్లకు ఏడుపు ఆగిపోయేదనుకోండి, అది వేరే సంగతి. తీగ వెనక రావణాసురుడి మీసాలు, అంటే సూదుల్లాంటి గడ్డి. ఎండిన దాని కాయల బంతులు గాలికి ఇసక మీద దొర్లుకుంటూ పోతుంటే వాటితో పందెం వేసుకుని పరిగెత్తేవాళ్ళం. ఎందుకూ కొరగాని గడ్డి అనుకునేవాళ్ళం. కానీ దాని వేళ్ళు ఇసకను పట్టి ఉంచకపోతే గాలివానకు మా గుడిసెలన్నీ పూడిపోయేవి. అందుకని సరదాకు దాన్ని పీకిన పిల్లల వీపులు మోగేవి.

ఆ పైన మొగలి పొదలు. లోకానికి మొగలి అంటే పూవే. మాకు మాత్రం మొగలి నిలువెల్లా పనికొచ్చేది. అంచు ముళ్ళు చీల్చి పారేసిన ఆకుతో చాపలు అల్లేవాళ్ళు. నేలలోకి దిగే ఊడను నరికి చివర చితక్కొడితే సున్నం కొట్టే కుంచె. నార తీస్తే తాడు. రేకు ఒకటి బట్టల పెట్టెలో పడేస్తే ఏడాది పొడుగునా వాసన. పొదలో పాము ఉంటుందని భయపెట్టేవాళ్ళు, ఉండేది కూడా, అయినా పూవు కోసం వెళ్ళకుండా ఆగిన ఆడపిల్లను నేను చూడలేదు. ఇంకొంచెం లోపలికొస్తే పొన్నచెట్లు, తెల్లటి పూలు, గోలీల్లాంటి కాయలు. ఆ గింజల నూనెతోనే దీపాలు, కీళ్ళనొప్పులకు మర్దనాలు, పడవ చెక్కల సందుల్లో పూతలు. గంగరావి పూలు పొద్దున పసుపు పచ్చగా విచ్చుకుని మాపటికి ఎర్రబడేవి, ఆ కొయ్యతో తెడ్లు చేసేవాళ్ళు. ఎండాకాలం పాలపళ్ళు వచ్చేవి. పసుపు రంగు చిన్న పళ్ళు, మహా తీపి, కానీ నాలుగు తింటే పెదాలు జిగురుపట్టి అతుక్కుపోయి మాట రాదు. సెలవుల్లో మా పెద్దవాళ్ళు దోసిళ్ళకొద్దీ అవే తెచ్చి మా ఒళ్ళో పోసేవాళ్ళు. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. నాకు పిల్లలు పుట్టి సెలవులు వచ్చాక గానీ అసలు కిటుకు అర్థం కాలేదు.

ఇన్నిటిలోకీ మా ఇంటికి దేవుడి లాంటిది తుమ్మచెట్టు. కాలువ గట్టు పొడుగునా నల్లతుమ్మలు ఉండేవి. నల్లగా, గరుగ్గా, ఒళ్ళంతా ముళ్ళతో, చూడ్డానికి ఏ అందమూ లేని చెట్టు. పసుపు రంగు బంతుల్లాంటి చిట్టిపూలు పూసినప్పుడు మాత్రం కాస్త ముస్తాబైనట్టు ఉండేది. దాని బెరడును మేం పట్ట అంటాం. ఆ రోజుల్లో వలలన్నీ నూలు వలలు. ఉప్పునీళ్ళలో నానిన నూలు తొందరగా మురిగిపోతుంది. తుమ్మపట్ట కాచిన రంగులో ముంచి ఆరబెట్టిన వల మాత్రం ఏళ్ళ తరబడి నిలబడేది. అందుకని కొత్త వల ఏదైనా ముందు రంగు తాగాలి, తరవాతే సముద్రం మొహం చూడాలి. రంగు తాగని వలను పచ్చి వల అనేవాళ్ళు. పచ్చి వలతో వేటకు పోవడమంటే స్నానం చెయ్యకుండా గుళ్ళోకి పోవడమే, అంతటి పట్టింపు.

మా పాలెంలో ఎవరింటి వలకైనా రంగు వేసేది మా అవ్వ, అంటే మా నాయనకు అమ్మ. మా తాత నేను పుట్టకముందే జ్వరంతో పోయాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాయన, చిన్నవాడు మా చిన్నాయన. పెరట్లో మూడు రాళ్ళ మీద పెద్ద రాగి కాగు ఎప్పుడూ ఎక్కే ఉండేది. ఎవరి పట్ట వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. అవ్వ దాన్ని రోట్లో దంచి నానబెట్టి, కాగులో పోసి సరుగుడు కట్టెల మంట మీద కాచేది. అందులో కాస్త తంగేడు పట్ట, ఉప్పుకాలువ బురదలో పెరిగే మడచెట్ల పట్ట కాస్త. ఏది ఎంత వేస్తుందో అడిగితే "వలను చూసి వేస్తా" అనేది తప్ప ఇంకో మాట చెప్పేది కాదు. రంగు తేరిందో లేదో చూడ్డానికి ఆమె పద్ధతి ఒకటే. వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేది. పక్కన ఎవరుంటే వాళ్ళ నాలుక మీద కూడా ఒక చుక్క వేసేది. నాలుక అంగిటికి అతుక్కుని, కళ్ళు వాటంతట అవే మూతబడి, మొహం వంకర్లు పోవాలి. ఎవరి మొహం ఎన్ని వంకర్లు పోతుందో చూడ్డానికి పిల్లలమంతా వరసలో నిలబడేవాళ్ళం. మొహం చక్కగానే ఉంటే ఇంకో బుట్ట పట్ట కాగులో పడేది.

అవ్వ చేతివాసి మంచిదని ఊరంతటా పేరు. ఆమె రంగు వేసిన వల చినగదని, ఆ వలకు చేప పడుతుందని నమ్మకం. పొరుగు పాలేల నుంచి కూడా తెచ్చేవాళ్ళు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. వలకు ప్రాణం పోసే అదే అవ్వ, ఆ వల తెప్ప ఎక్కే పొద్దున మాత్రం ఎదురుగా ఉండకూడదు. మొగుడు లేని ఆడది తెప్పకు ఎదురు రాకూడదు. ఎవరూ పొమ్మని చెప్పేవాళ్ళు కాదు, చెప్పాల్సిన పనే ఉండేది కాదు. తెప్పలు కదిలే వేళకు అవ్వ తనే లేచి, మొగలి పొదల వెనక్కి పోయి కూర్చునేది. తెప్పలు అలలు దాటాయని కేకలు వినిపించాక లేచి వచ్చేది. అది అందరికీ ఎంత మామూలంటే, నేను కూడా చాలా కాలం అవ్వ అక్కడికి పూల కోసం వెళుతుందనుకున్నాను.

చిన్నాయన పెళ్ళి కాకముందు మద్రాసు వైపు పడవల మీద పనికి పోయాడు. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. ఇంకొకరి పడవ మీద, ఇంకొకరి కేకల కింద పనిచెయ్యడం అతని ఒంటికి పడలేదు. ఎప్పటికైనా సొంత తెప్ప, సొంత వల, తన మాట మీద నడిచే వేట, అదే అతని ధ్యాస. ఒక ఏడాది జీతం బదులు వల ఇమ్మని అడిగి తెచ్చుకున్నాడు. అది నైలాన్ వల. మా పాలెంలో అడుగుపెట్టిన మొదటి నైలాన్ వల అదే. తెల్లగా, సన్నగా, మెరుస్తూ, గుప్పెట్లో పట్టేంత తేలిగ్గా ఉంది. చూడ్డానికి ఊరంతా వచ్చింది. ముసలివాళ్ళు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది నూలు కాదు ఏదో మాయ అన్నారు. తెప్ప ఒకటి సమకూరింది, తోడు రావడానికి మనుషులు కూడా కుదిరారు. వేట మొదలుపెట్టడానికి మంచిరోజు చూసుకున్నారు. ఆ రోజుకు చిన్నాయన దిగకపోతే ఆ మనుషులు ఇంకో తెప్పకు పోతారు, మళ్ళీ ఏడాది దాకా దొరకరు. అందుకని అతను హడావుడిగా తాళ్ళు, వల తేలడానికి కట్టే బెండ్లు తేవడానికి అల్లూరు వెళ్ళాడు. వల ఇంట్లో పెట్టి వెళ్ళాడు.

కొడుకు మొదటిసారి తన వలతో దిగబోతున్నాడు. ఆ వల చూస్తే తెల్లగా, పచ్చిగా ఉంది. అవ్వ ఎట్లా ఊరుకుంటుంది. చిన్నాయన వచ్చేసరికి రంగు వేసి, ఆరబెట్టి, సిద్ధంగా పెడదామని పొద్దున్నే కాగు కింద మంట పెట్టింది. మా అమ్మ కూడా సాయం పట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు. వలంటే రంగు వెయ్యాలి, అంతే కదా. ముంచి తీసింది. అంటలేదు. మళ్ళీ ముంచింది. లేత టీ రంగు తప్ప ఏమీ రాలేదు. "దీనికి దప్పికే లేదే" అంది అవ్వ ఆశ్చర్యంగా. ఇంకో బుట్ట పట్ట వేసింది, ఇంకాస్త మంట పెంచింది, వలను కాగులోనే ఉంచి తుకతుక ఉడికించింది. మామూలుగా నూలు వలను మంట తీసేసి, గోరువెచ్చన అయ్యాకే ముంచేది. ఈ మొండి దారానికి ఆ మర్యాద చాలదనుకుంది. నీళ్ళు ఇంకి, వల కాగు అంచులకు అంటుకుపోయేదాకా చూసుకోలేదు. తియ్యబోతే రాలేదు. కట్టెతో లాగితే, కాకర ఒరుగులా ముడుచుకుపోయిన ముద్ద ఒకటి వచ్చింది. కింద పెడితే కూలబడకుండా కాగు ఆకారంలోనే నిలబడింది. నేను నవ్వాను. అమ్మ నన్ను చూసిన చూపుకు నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

చిన్నాయన మాపటికి తాళ్ళ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. పెరట్లో నిలబడి ఉన్న వలను చూశాడు. తిడతాడని, కాగు తన్నేస్తాడని అందరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అతను ఆ ముద్దను ఒకసారి చేత్తో నొక్కి చూసి, తాళ్ళు అక్కడే పడేసి, ఒడ్డుకు వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఊరు ఊరుకుంటుందా. మర్నాడు నీళ్ళ దగ్గర ఎదురింటి పెద్దమ్మ అందరికీ వినబడేలా అంది. "ముండమోసిన చెయ్యి కొత్త వల మీద పడితే ఇట్ట గాక ఎట్టయితాది." అదే చెయ్యి అన్నేళ్ళ నుంచి ఆవిడ ఇంటి వలలకు రంగు వేసిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నైలాన్ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి తప్పు చేతిదే అయింది. అవ్వ చేతివాసి పోయిందన్నారు. రంగుకని మా పెరట్లో పెట్టి వెళ్ళిన వలలను ఒక్కొక్కరూ వచ్చి, ఇప్పుడప్పుడే తొందర లేదులే అంటూ చంకన పెట్టుకుని పట్టుకుపోయారు. అవ్వ గుమ్మం ముందు కూర్చుని పిడికెడు ఇసక తీసుకుని చేతులు రుద్దుకుంటూ ఉంది. ఏళ్ళ తరబడి పట్టిన రంగు ఇసకకు పోతుందా. చర్మం ఎర్రబడింది గానీ రంగు అట్లాగే ఉంది. నాకు అది చూసి ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది.

చిన్నాయనకు ఊళ్ళో మాట చేరింది. వల పోయినందుకు రాని కోపం అప్పుడు వచ్చింది. ఎవరి మీదికి వెళతాడోనని నాయన వెనకే వచ్చాడు. కానీ చిన్నాయన తిన్నగా అవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అటక మీద నాయన వల ఉండాది గదా. దించు. రంగు వెయ్యి. దాంతోనే దిగతా."

అవ్వ తల ఎత్తలేదు. "నా చెయ్యి వద్దు నాయనా. మీ వదిన వేస్తాది. ఎట్ట వెయ్యాల్నో నేను పక్కన కూర్చోని చెప్తా."

"వదిన రంగు నాకు తెలవదు. నీ రంగే తెలుసు. నువ్వు వేస్తే పోతా, లేకుంటే ఈ ఏడు వేట లేదు, ఏం లేదు."

మొండివాడు. అవ్వకూ ఆ సంగతి తెలుసు. చేతుల ఇసక దులుపుకుని లేచింది.

తాత వల అటక మీద ఎలుకలు కొట్టి, చిక్కులు పడి ఉంది. నాయన కొయ్యసూది పట్టుకుని కన్నాలు అల్లడానికి కూర్చున్నాడు. అమ్మ చిక్కులు తీసింది. అవ్వ, చిన్నాయన, వాళ్ళ వెనక నేను, పట్ట కోసం బయల్దేరాం. అటువంటి నడక నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. పొన్నచెట్ల కింద నుంచి, కలేకాయల ముళ్ళపొదల పక్క నుంచి కాలువ గట్టుకు వెళ్ళాం. గట్టు మీద మొదటి తుమ్మచెట్టు దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసి, "ఇంత ఇయ్యి తల్లీ, ఇంటికి కావాల" అంది. చిన్నాయన కత్తి ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టింది. చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోతుందట. పడమటి పక్కనే తియ్యాలి, అదీ అరచెయ్యి వెడల్పు. తీసిన చోట కాలువ బురద మెత్తాలి. పోయినసారి ఒలిచిన చెట్టు జోలికి ఈసారి పోకూడదు. చెబుతూ చెబుతూ ఆమె గొంతులోకి మెల్లగా పాత గొంతు వచ్చింది. ఏ చెట్టు పట్ట ఎర్రనిదో, ఏది వట్టి చెక్కో దూరం నుంచే చూపించింది. చిన్నాయన ఒక చెట్టుకు బురద సరిగా మెత్తలేదని తిట్టింది. అన్నాళ్ళకు ఆమె నోట తిట్టు విని అతను నవ్వాడు. సముద్రం పాటుకు కాలువ నీళ్ళు వెనక్కి తీసి ఉన్నప్పుడు మడచెట్లలోకి దిగి మోకాలి లోతు బురదలో పట్ట తీశాం. నా కాలి గొలుసు ఒకటి ఆ బురదలోనే పోయింది, దాన్ని గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు.

అవ్వ దంచింది, నానబెట్టింది, కాచింది. ఎదురింటి నుంచి, పక్కింటి నుంచి దడుల సందుల్లో కళ్ళు మా కాగునే చూస్తున్నాయి. రంగు తేరిందో లేదో చూడ్డానికి ఎప్పటిలాగే వేలు ముంచింది. మీసాలు వచ్చిన చిన్నాయన వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చుని నాలుక చాపాడు, చిన్నపిల్లవాడిలా. అవ్వ ఒక చుక్క వేసింది. అతని మొహం వంకర్లు తిరిగిపోయింది. "తేరింది" అంది అవ్వ. మంట తీయించి, రంగు గోరువెచ్చన అయ్యేదాకా కాగు పక్కనే కూర్చుంది. తాత వల ఆ రంగును ఎంతో కాలం నుంచి దప్పికతో ఉన్నట్టు తాగింది. ఇసకలో పరిస్తే ఎండకు ఇటుక రంగు తిరిగింది. అంత అందమైన వస్తువు నేను ఇప్పటికీ ఏ దుకాణంలోనూ చూడలేదు.

వేట రోజు పొద్దున ఒడ్డున ఊరంతా ఉంది. తెప్పకు పసుపు, కుంకుమ, గంగమ్మకు కర్పూరం, టెంకాయ. అన్నీ అయ్యాయి. అవ్వ ఎప్పటిలాగే మొగలి పొదల వెనక్కి పోయింది, ఈసారి ఇంకాస్త దూరంగా. తోడు వచ్చే మనుషులు వల ఎత్తబోతే చిన్నాయన ఆగమన్నాడు. ఊరి పెద్దకాపు, అంటే తెప్పలన్నిటికీ పెద్ద, "ఇంకేంది రా, అలలు బాగుండాయి, ఎక్కించండి" అన్నాడు.

చిన్నాయన వల పక్కన ఇసకలో చతికిలబడ్డాడు. "ఈ వల నాది కాదు పెద్దాయనా. రంగేసినామెది. ఆమె ఎత్తి ఇస్తేనే తెప్ప ఎక్కతాది."

ఎదురింటి పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దకాపు మా నాయన వైపు చూశాడు, తమ్ముడికి బుద్ధి చెప్తాడని. మా నాయన నెమ్మదస్తుడు, జన్మలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. ఆయన నన్ను చూసి, "పో పాపా, అవ్వను పిలుచుకోని రా" అన్నాడు. ఆ ఒక్క మాటకు మా నాయన నా కళ్ళలో ఎంత ఎత్తు పెరిగాడో చెప్పలేను.

అవ్వ రానంది. పొద్దున్నే నా మొహం ఎందుకే వాళ్ళకు, ఏదన్నా అయితే జన్మంతా మోయాల అంది. ఆమె భయం తన గురించి కాదు. ఆ తెప్పకు ఏదైనా అయితే ఊరు ఏమంటుందో, ఆ మాటతో తన కొడుకు ఎట్లా బతుకుతాడో అని. నాకు అవేమీ తెలియవు. చిన్నాయన ఇసకలో కూర్చున్నాడు, నువ్వు రాకపోతే లేవడట అని చెప్పి, చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె నా చెయ్యి విడిపించుకోలేదు. పొదల పక్క నుంచి బయటికొచ్చి, జనం ముందు నుంచి, తల వంచుకుని నడిచింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. నీళ్ళ అంచున వంగి, వల కొస ఎత్తి, కొడుకు చేతుల్లో పెట్టింది. ఆమె చేతులు, వల ఒకే రంగులో ఉన్నాయి. చిన్నాయన వల తీసుకుని తెప్ప మీద వేశాడు. అతని మనుషులు తెడ్లు అందుకుని ఎక్కారు. తెప్ప అలలు దాటేదాకా అవ్వ అక్కడే నిలబడింది. ఆమె తెప్ప పోవడం చూడడం తాత పోయాక అదే మొదలు.

ఆ రోజు వల నిండా చేప పడిందని చెప్పాలని నాకూ ఉంది. పడలేదు. అందరికీ పడినంతే, ఇంకా కాస్త తక్కువే. కానీ తెప్ప తిరిగి వచ్చింది, మనుషులు వచ్చారు, వల చినగలేదు. మా ఊరికి అది చాలింది. కొన్నాళ్ళకు ఎదురింటి పెద్దమ్మ చంకన వల పెట్టుకుని మా పెరట్లోకి వచ్చి, ఏమీ జరగనట్టే, "అత్తా, మా వల వట్టి గంజిగుడ్డలాగ అయిపోయింది, ఎప్పుడు కాగు పెడతావు" అంది. అవ్వ ఆవిడను ఎగాదిగా చూసి, "పట్ట తెచ్చినావా" అని మాత్రం అడిగింది. క్షమాపణలు చెప్పుకోవడం మా పాలెంలో లేదు. పట్ట తెచ్చుకోవడమే.

నైలాన్ ఆగుతుందా, ఆగలేదు. ఆ పైన కొద్ది ఏళ్ళకే ఇంటింటికీ వచ్చింది. తేలిక, మురగదు, రంగు అక్కర్లేదు. చిన్నాయన కూడా మార్చాడు, ఈసారి తెచ్చీ తేగానే అవ్వకు అందకుండా అటక మీద దాచాడని మేం ఏడిపించేవాళ్ళం. కాగు పెళ్ళిళ్ళకు అన్నం వండడానికి పోయింది. పని పోయిందని అవ్వ బాధపడుతుందేమోనని ఒకసారి అడిగితే, "చెట్లకి సెలవు దొరికింది లే" అంది. ఆ తుమ్మల్లో కొన్ని ఇప్పటికీ గట్టు మీద ఉన్నాయి. పక్కనంతా రొయ్యల గుంటలు వచ్చాయి. పొన్నలు తగ్గాయి. బాలబంది తీగ మాత్రం ఎవరు తొక్కినా మళ్ళీ పాకుతూనే ఉంది. మా ఆయన ఇప్పుడు మా ఊరొస్తే తల వంచి చూస్తూ నడుస్తారు, అది నా విజయాల్లో ఒకటి.

ఈమధ్య ఊరెళ్ళినప్పుడు చిన్నాయన మనవడి పడవ కదులుతోంది. ఇంజన్ పడవ. చిన్నాయన లేడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, నుదుట బొట్టు లేకుండా పడవ ముందు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అన్నం క్యారియర్ మరిచిపోయాడని మనవణ్ణి దులిపేస్తూ వల అందిస్తోంది. ఎవరూ అటు తిరిగి కూడా చూడలేదు. పక్కన ఉన్న ఆమె మనవరాలితో, ఒకప్పుడు ఇట్లాంటి వేళ మా అవ్వ మొగలి పొదల వెనక దాక్కునేదని చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "ఎందుకు?" అంది. విడమరిచి చెప్పాను. అప్పటికీ దానికి అర్థం కాలేదు. కాలం ఇంత దూరం దానంతట అది రాలేదు, ఆ పొద్దున మా అవ్వ తల వంచుకుని నడిచిన ఆ నాలుగు అడుగుల మీదే వచ్చింది.